చేతులు కట్టుకోనక్కర్లేని చోటు

ఫిలడెల్ఫియాలో ఒక పిల్లల మ్యూజియం ఉంది. 1976లో మొదలైంది. దాని పేరు 'ప్లీజ్ టచ్ మ్యూజియం'. దయచేసి ముట్టుకోండి అని పేరులోనే బతిమాలుతుందన్నమాట. మనలాంటివాళ్లకి ఆ పేరు వినగానే కాస్త నవ్వొస్తుంది. మనం ఎరిగిన మ్యూజియంలలో గుమ్మం దాటగానే కనబడేది 'వస్తువులను ముట్టుకోరాదు' అన్న బోర్డే కదా. స్కూలు ఎక్స్‌కర్షన్లో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వరసలో నడవడం, గాజు పెట్టెల్లోకి తొంగి చూడడం, చివరికి ఆ గడియారం ముందు కూర్చుని, గంట కొట్టే బుల్లి బొమ్మ ఎప్పుడు బయటికొస్తుందా అని ఎదురుచూడడం. బడిలోనూ ఇదే పద్ధతి. మంచి పిల్లవాడంటే చేతులు కట్టుకుని, నోటిమీద వేలేసుకుని కూర్చునేవాడు.

సాలార్‌జంగ్‌ని తప్పుపట్టడం లేదు. మేలిముసుగు రెబెక్కా బొమ్మని వచ్చిన ప్రతి పిల్లా తడిమి చూస్తే ఆ పాలరాతి ముసుగు ఎన్నాళ్లు మిగులుతుంది? వస్తువుని కాపాడడానికి కట్టిన మ్యూజియం అలాగే ఉండాలి. పిల్లల మ్యూజియం కథ వేరు. అక్కడి వస్తువులు అరగడానికీ, తడవడానికీ, విరిగితే మళ్లీ చేయించడానికీ సిద్ధపడి పెట్టినవి.

ఈ దేశంలో చిన్నపిల్లలున్న తెలుగువాళ్లం ఇలాంటి చోట్లకి తరచూ వెళ్తూనే ఉంటాం. నేనుండే బోస్టన్ చుట్టుపక్కలైతే, చలికాలంలో పిల్లల్ని ఇంకెక్కడికి తీసుకెళ్లాలో తోచదు కూడా. వెళ్తాం, ఫొటోలు తీసుకుంటాం, అలసిపోయి తిరిగొస్తాం. ఇన్నేళ్లుగా వెళ్తూ, చూస్తూ నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. పిల్లలకి తెలుగు రావాలని తపనపడే మనకి, ఈ దేశంలో దొరికే అతి మంచి తెలుగు బడి ఇదే. అక్కడ తెలుగు పంతులు లేడు, తెలుగు బోర్డు లేదు, నిర్వాహకుల్లో ఎవరికీ తెలుగు రాదు. అయినా సరే, ఇదే. ఎందుకో చెప్తాను.

ముందు ఈ మ్యూజియంల సంగతి కొంచెం. లోకంలో మొట్టమొదటి పిల్లల మ్యూజియం న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 1899లో తెరిచారు. బోస్టన్‌ది 1913లో, కొందరు సైన్సు టీచర్లు పూనుకుని మొదలుపెట్టారు. ఇండియానాపొలిస్‌లో 1925లో మొదలైంది ఇప్పుడు అన్నిటికన్నా పెద్దది. ఆ రోజుల్లో ఇవీ చాలావరకు గాజు పెట్టెలే. 1962లో బోస్టన్ మ్యూజియంకి మైకేల్ స్పాక్ డైరెక్టర్‌గా వచ్చాక సంగతి మారింది. ఈయన, పిల్లల పెంపకం మీద పుస్తకం రాసి అమెరికా తల్లులందరికీ తెలిసిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ కొడుకు. చిన్నప్పుడు డిస్‌లెక్సియాతో చదవడానికి చాలా కష్టపడినవాడు. అక్షరం దారి మూసుకుపోయిన పిల్లవాడికి చేతులతో, కళ్లతో నేర్చుకోవడం ఎంత అవసరమో ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. రోజూ వాడే వస్తువుల్ని అడ్డంగా కోసి లోపల ఏముందో చూపించే ప్రదర్శన పెట్టాడు. గాజు పెట్టెలు తీయించాడు. మ్యూజియం ఏ వస్తువు గురించి అన్నదానికన్నా ఎవరి కోసం అన్నది ముఖ్యమని ఆయన నమ్మకం.

అదే దశకం చివర, 1969లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 'ఎక్స్‌ప్లొరేటోరియం' తెరిచాడు. ఆటంబాంబు ఓపెన్‌హైమర్ తమ్ముడే. ఈయనా భౌతికశాస్త్రవేత్తే. కమ్యూనిస్టులన్న వారిని వేటాడే రోజుల్లో యూనివర్సిటీ ఉద్యోగం పోయి, కొలరాడోలో పశువుల్ని మేపుకుంటూ, తర్వాత పల్లెటూరి హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. పిల్లల చేతికి సామాన్లిచ్చి వదిలేస్తే ఏం జరుగుతుందో అక్కడ చూశాడు. ఈరోజు మన పిల్లలు మీటలు నొక్కి, చక్రాలు తిప్పి, నీళ్లు చిమ్ముకుని వస్తున్నారంటే ఇలాంటివాళ్ల పుణ్యమే.

చెయ్యి ముందు, మాట తర్వాత అన్న ఆలోచన మనకేమీ కొత్తది కాదు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, అడయారులో టీచర్లకి శిక్షణ మొదలుపెట్టి, యుద్ధం మూలాన 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. మన ఊళ్లలో ఆవిడ పేరు పెట్టుకున్న బళ్లకి కొదవలేదు. వాటిలో చాలా బళ్లల్లో పిల్లలు చేతులు కట్టుకునే కూర్చుంటారన్నది వేరే సంగతి.

ఇక తెలుగు సంగతి. మనం ఇక్కడ తెలుగు ఎలా నేర్పుతున్నాం? శనాదివారాల్లో గంటన్నర క్లాసు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. ఆ తర్వాత రంగుల పేర్లు, పళ్ల పేర్లు, జంతువుల పేర్లు. అంతా పేర్లే. తరగతి గదిలో పటం చూపించి నేర్పగలిగేది పేరునే మరి. చేయడాన్ని పటంలో చూపించడం కష్టం. అందుకే మన పిల్లలకి నెమలి అనే మాట వస్తుంది. 'ఒలికింది' అనే మాట రాదు. వాళ్ల జీవితంలో నెమలి కనబడేది ఏడాదికోసారి. పాలు ఒలికేది రోజూ.

ఏ పిల్లల మ్యూజియంకైనా వెళ్లండి, దాదాపు అన్నిచోట్లా నీళ్ల బల్ల ఒకటి ఉంటుంది. పిల్లల నడుమెత్తున పొడుగాటి తొట్టి, గిన్నెలు, గరాటులు, చిన్న మరచక్రాలు, పడవలు. ఆ తొట్టి పక్కన ఐదు నిమిషాలు నిలబడి, అక్కడ నీళ్లు ఏమేం చేస్తున్నాయో తెలుగులో అనుకుని చూడండి. గిన్నెతో ముంచితే వస్తాయి. ఇంకో గిన్నెలోకి ఒంపితే నిండుతాయి. నిండాక ఇంకా పోస్తే పొర్లిపోతాయి. పట్టుకుని నడిస్తే తొణుకుతాయి. చెయ్యి జారితే ఒలుకుతాయి. అరచేత్తో కొడితే చిందుతాయి. గొట్టానికి వేలు అడ్డం పెడితే చిమ్ముతాయి. అడుగున కంత ఉంటే కారుతాయి. చొక్కా మీద పడితే ఇంకుతాయి. నాలుగేళ్ల పిల్ల పది నిమిషాల్లో చేసే పనికి మన దగ్గర ఇన్ని మాటలున్నాయి. ఒకటి చెప్పాల్సిన చోట ఇంకోటి చెప్తే చెవికి తప్పుగా వినబడేంత ఖచ్చితమైన మాటలు.

ఇవి పుస్తకంలో రాసి అర్థం చెప్పి నేర్పే మాటలు కావు. తొణకడానికీ ఒలకడానికీ తేడా ఏమిటో చెప్పమంటే మీరూ నేనూ తడుముకుంటాం. గిన్నె చేతిలో ఉన్న పిల్లకి మాత్రం 'తొణకనీకు... తొణుకుతోంది చూడు... అయ్యో, ఒలికిపోయింది!' అని మూడు మాటలంటే చాలు. ఎలాంటప్పుడు ఏ మాట అనాలో, దాని రూపాలు ఎలా మారుతాయో, ఆజ్ఞ, వర్తమానం, భూతం, అన్నీ ఒక్క ఊపిరిలో చెవిన పడ్డాయి. వ్యాకరణం అన్న మాటే రాలేదు.

పక్కనే బంతులు దొర్లించే వాలు బల్లలుంటాయి. బోస్టన్‌లో గోల్ఫ్ బంతులు పెడతారు. బంతి దొర్లుతుంది, చెక్కముక్క జారుతుంది. మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. చివర గంతేసి కిందపడుతుంది. అవతల సబ్బు బుడగలు. బుడగ ఉబ్బుతుంది, ఊగుతుంది, చిట్లుతుంది. చిట్లడం అనే మాట అంత అందంగా అతికే చోటు ఇంకొకటి నాకు తోచదు.

ఒక సామెత సంగతి కూడా చెప్పాలి. నిండు కుండ తొణకదు అని మనం తరచూ అంటూ ఉంటాం. మా చిన్నదానికి ఆ మాట చెప్పి, గొప్పవాళ్లు అణకువగా ఉంటారు అంటూ వివరిస్తే ఆవులించి ఊరుకునేది. మూత ఉన్న ప్లాస్టిక్ సీసా ఒకటి సగానికి నింపి ఊపమన్నాను. గలగలలాడింది. మూతిదాకా నింపి, బిగించి ఊపమన్నాను. చప్పుడు లేదు. మళ్లీ మళ్లీ ఊపింది. సామెత అసలు అర్థం దానికి ఎప్పటికో గానీ పట్టదు, ఫర్వాలేదు. మాట చేతిలోకి వెళ్లింది. అర్థం తీరిగ్గా వస్తుంది.

మరి ఇంత మంచి బడిని మనం ఎందుకు వాడుకోవడం లేదు? నేను గమనించినంతలో రెండు అడ్డంకులున్నాయి.

మొదటిది, గుమ్మం దాటగానే మనం ఇంగ్లీషులోకి మారిపోవడం. ఇంట్లో, కారులో తెలుగులో మాట్లాడిన అమ్మానాన్నలే లోపలికి రాగానే 'షేర్ విత్ హిమ్, నాన్నా', 'వన్ మోర్ మినిట్, ఓకే?' అంటారు. పక్కనున్న తల్లిదండ్రులకి మనం పిల్లల్ని మర్యాదగా పెంచుతున్నామని వినిపించాలి కదా, అందుకు. మొహమాటం అర్థం చేసుకోదగిందే. నాదొక సూచన. పక్క పిల్లవాడితో మాట ఉంటే ఇంగ్లీషులో చెప్పండి, మన పిల్లతో తెలుగులో చెప్పండి. రెండూ ఒకేసారి సాధ్యమే. ఆ హాల్లో స్పానిష్ వినబడుతూ ఉంటుంది, చైనీస్ వినబడుతూ ఉంటుంది. అవి విని ఎవరూ తలతిప్పి చూడరు. తెలుగు వినబడినా చూడరు. పిల్లలు మాత్రం ఒక సంగతి పసిగడతారు. అమ్మ నలుగురిలో ఏ భాష దాచుకుంటుందో, అది దాచుకోవాల్సిన భాషే అని. ఆ తర్వాత మనం ఎన్ని క్లాసులకి పంపినా, ఎన్ని పోటీల్లో పద్యాలు చెప్పించినా, ఆ పాఠం చెరిగిపోదు.

రెండోది మన పరీక్షల పిచ్చి. టిక్కెట్టు డబ్బులకి తగ్గ చదువు రాలేదేమోనని మనకి బెంగ. అందుకని ఒక గదిలో పిల్ల ఇరవై నిమిషాలు ఉండిపోతే, 'ఇంకా రెండు ఫ్లోర్లు ఉన్నాయి, పద పద' అని రెక్క పట్టుకుని లాగుతాం. బంతి ఇరుక్కుంటే పిల్ల చూసేలోపే మనమే సర్దేస్తాం. తిరిగొచ్చేటప్పుడు కారులో, 'ఏం నేర్చుకున్నావ్?' అని నిలదీస్తాం. పిల్లల దగ్గర ఆ ప్రశ్నకి జవాబుండదు. పెద్దవాళ్లమైనా, 'నిన్న సాయంత్రం ఏం నేర్చుకున్నారు?' అంటే మనమేం చెప్పగలం? 'ఏం చేశావ్?' అని అడిగి చూడండి. చేసిన పనులకి లెక్కే ఉండదు. చెప్పడానికి క్రియాపదాలు కావాలి. పొద్దుట్నించీ చెవిన పడ్డవి అప్పుడు నోటికొస్తాయి. కొన్ని తప్పుగా వస్తాయి, రానివ్వండి. 'బుడగ చిరిగింది' అంటే నవ్వి, 'చిట్లిందా!' అని ఆశ్చర్యపోతే చాలు. దిద్దినట్టు తెలియకుండానే దిద్దినట్టు.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఒకసారి తీసుకెళ్లాం. టిక్కెట్టు ధర రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకుంది. లోపల నీళ్ల తొట్టి చూసి, 'దీనికా ఇంత డబ్బు? పెరట్లో గాబు దగ్గర వదిలేస్తే నువ్వు రోజంతా ఇదే చేసేదానివి' అంది. ఆవిడన్నది అక్షరాలా నిజం. పెరడు, గాబు, ఇసక, రోలు, వడ్లు చెరిగే చేట, ఎవరూ పట్టించుకోని మధ్యాహ్నం, ఇవన్నీ ఉన్నచోట ఇలాంటి మ్యూజియం అక్కర్లేదు. మూడో అంతస్తు అపార్ట్‌మెంట్లో, కార్పెట్ మీద చుక్క నీళ్లు పడితే హడలిపోయే మన ఇళ్లల్లో అవేవీ లేవు. హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లలో మాత్రం ఉన్నాయా? పోయిన పెరటిని గంటల లెక్కన అద్దెకిచ్చే చోటు ఇది అని నేను అనుకుంటాను. అద్దె ఎక్కువే. కానీ వేరే దారి?

ఆ మాట అన్న అమ్మే, కాసేపయ్యాక చీర కుచ్చిళ్లు ఎగదోపి మనవరాలితో పాటు తొట్టి దగ్గర చేరింది. 'నిదానంగా ఒంపవే, ధార తెగకూడదు' అని ఆవిడ అనగానే, ధార తెగడం అన్న మాట నేను విని ఎన్నేళ్లయిందో అనిపించింది. పిల్లల మ్యూజియంకి అమ్మమ్మనీ తాతయ్యనీ తప్పక తీసుకెళ్లమని అందుకే చెప్తాను. కాళ్ల నొప్పులని బెంచీ మీద కూర్చోబెట్టి బ్యాగులకి కాపలా పెట్టకండి. మన దగ్గర లేని క్రియాపదాలు వాళ్ల దగ్గరున్నాయి.

బోస్టన్ మ్యూజియంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జపాను ఇల్లు. క్యోటో నగరంలో ఒక పట్టు వ్యాపారి ఉన్న నూరేళ్ల పైబడిన రెండంతస్తుల చెక్క ఇల్లు. బోస్టన్, క్యోటో 1959 నుంచి సోదర నగరాలు. ఆ స్నేహానికి గుర్తుగా క్యోటోవాళ్లు 1979లో దీన్ని కానుకిచ్చారు. విడదీసి ఓడలో పంపి, అక్కడి వడ్రంగులే వచ్చి మళ్లీ నిలబెట్టి వెళ్లారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. చాపల మీద కూర్చోవచ్చు. అమెరికన్ పిల్లలకి చెప్పులు విప్పమని పదిసార్లు చెప్పాలి. మన పిల్లలు ఎవరూ చెప్పకుండానే విప్పేస్తారు. ఆ ఒక్క గుమ్మం దగ్గర వాళ్లే అందరికన్నా ముందు తెలిసినవాళ్లు.

అక్కడ నిలబడి ప్రతిసారీ అనుకుంటాను. క్యోటోవాళ్లు తమ సంస్కృతిని ఈ దేశపు పిల్లలకి చూపించాలనుకున్నప్పుడు ఒక ఇల్లు పంపారు, లోపలికి వచ్చి కూర్చోమన్నారు. మనం మన సొంత పిల్లలకే మన సంస్కృతిని ఎలా చూపిస్తున్నాం? వేదిక మీద. సంక్రాంతికి, ఉగాదికి స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకుని, పిల్లల్లో సగంమందికి మేకప్ వేసి స్టేజి ఎక్కిస్తాం. మిగతా సగంమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి, కదలొద్దు, అల్లరి చేయొద్దు అంటాం. మన పండుగ కూడా వాళ్లకి గాజు పెట్టెలోని వస్తువే అయింది. దూరం నుంచి చూడాలి, ముట్టుకోకూడదు.

నాట్యం వద్దనీ, పాటలు వద్దనీ నేననను. ఎంతో కష్టపడి నేర్పుతున్నారు, నేర్చుకుంటున్నారు. పక్కనే ఇంకో గది కూడా అడుగుతున్నాను. అందులో ఒక తిరగలి, ఒక చిన్న రోలు, చేట, జల్లెడ, కవ్వం, కుండెడు పెరుగు, ఒక పళ్లెంలో బియ్యప్పిండి. నేల మీద పాత దుప్పట్లు. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మలు నలుగురు. బోర్డులు వద్దు, మైకు వద్దు, ప్రైజులు వద్దు. విసరడం, దంచడం, చెరగడం, జల్లించడం, చిలకడం, ముగ్గేయడం. వెన్న తేలడం కళ్లారా చూసిన పిల్లకి 'తేలింది' అన్న మాట మరిచిపోవడం కష్టం. దీనికయ్యే ఖర్చు స్టేజి వెనక కట్టే ఫ్లెక్సీ పాటి ఉండదు. పిండి నేలంతా పడుతుంది నిజమే. ఊడ్చుకోవచ్చు. ఊడ్చడం కూడా ఒక క్రియాపదమే.

ఆ గది వచ్చేదాకా ఉన్న మ్యూజియంలని వాడుకుందాం. డబ్బు సంగతి నిజంగానే పెద్దది కాబట్టి నాకు తెలిసినవి రెండు మూడు. మా దగ్గర చాలా ఊళ్ల పబ్లిక్ లైబ్రరీల్లో మ్యూజియం పాసులు అరువిస్తారు. వాటితో టిక్కెట్టు బాగా తగ్గుతుంది. మీ లైబ్రరీలో ఉందేమో అడగండి. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లేవాళ్లకి సభ్యత్వం నయం. చాలా పిల్లల మ్యూజియంల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి, ఒకచోట సభ్యత్వంతో ఇంకో ఊళ్లో సగం ధరకి వెళ్లే వీలుండొచ్చు. తీసుకునేముందు కనుక్కోండి. సభ్యత్వం ఉంటే ఇంకో లాభం కూడా ఉంది, మన మనసుకి. ఈరోజే అంతా చూసేయాలన్న ఆత్రం పోతుంది. ఒక్క గదిలో గంట గడిపి ఇంటికొచ్చినా డబ్బులు దండగ అనిపించదు. సెలవు రోజు మధ్యాహ్నం గుంపులో ఇబ్బందిపడే కన్నా తెరిచే వేళకే వెళ్లండి. మారు బట్టలు రెండు జతలు పెట్టుకోండి. ఫోను బ్యాగులో పెట్టేయండి, ఫొటో తీసే చేత్తో గిన్నె పట్టుకోలేం.

తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. పాఠం చెప్పకండి. వాళ్లేం చేస్తున్నారో ఆ పనిని తెలుగులో పైకి అనండి, అంతే. 'పోస్తున్నావా? పొయ్యి. ఇంకొంచెం. నిండింది. అదిగో, పొర్లుతోంది!' మొదట్లో రేడియోలో క్రికెట్ కామెంటరీ చెప్తున్నట్టుంటుంది. ఉండనివ్వండి. ఏదో ఒక రోజు మీరు నోరు తెరవకముందే తొట్టి అవతల్నించి ఒక బుల్లి గొంతు, 'అమ్మా, తొణికింది!' అంటుంది. ఆరోజు ఆ క్లాసు ఫీజు మొత్తం వసూలైనట్టే.